కీటకములకు మిత్రుడు హెన్రీ ఫాబ్రు

మహాపురుషుల చరిత్రములనగా రాజ్యములు గెలిచినవారి చరిత్రములే యని తలంచువారు మనలో పెక్కురు గలరు. కత్తి పట్టక, పదవి కోరక, రాళ్లతో నిండిన యొక పెరటిలో 35 సంవత్సరములకు పైగా పురుగులను పరీక్షించుచు కాలము గడపిన యొక ఉపాధ్యాయుని చరిత్రమును మేమిచ్చట మా విద్యార్థులకు చెప్పదలచితిమి. ఆయన పేరు జీన్ హెన్రీ ఫాబ్రు. జన్మభూమి ఫ్రాన్సు దేశము. పురుగు తన మొక్కనెట్లు గుర్తించును? ఆ పురుగును దాని శత్రువెట్లు కనుగొనును? ఈ వ్యవహారమున వాసన చేయు పని యెట్టిది? ఈ ప్రశ్నలను నేడు అనేక దేశముల వ్యవసాయశాస్త్రజ్ఞులు విచారించుచున్నారు. ఆ విచారమునకు బాట వేసినవారిలో ఫాబ్రు ముఖ్యుడు.

ఆయన 1823వ సంవత్సరము డిసెంబరు మాసమున దక్షిణ ఫ్రాన్సునందలి సెంట్ లియోన్సు అను కొండపల్లెలో జన్మించెను. తల్లిదండ్రులు నిరుపేదలు. ఇంట తినువారెక్కువై, తిండి తక్కువై యుండుటచే, బాలుని కొంతకాలము మాలవాలు అను చోట నున్న తాత యవ్వల యొద్దకు పంపిరి. ఆ పొలములలో గొఱ్ఱెల నడుమ, బాతుల నడుమ తిరుగుచు ఆ బాలుడు పూవును, పురుగును, రాతిని సమానమైన యాశ్చర్యముతో చూచుట నేర్చుకొనెను. తరువాత తండ్రి పల్లె విడిచి పట్టణములకు పోయి కాఫీయంగడి పెట్టెను. ఏ యూరను కలిసి రాలేదు. తుదకు సంసారము చెదరిపోయినది. బాలుడు తిరునాళ్లలో నిమ్మపండ్లమ్మెను. రైలుదారి వేయు కూలీలతో కలిసి మట్టిపని చేసెను. అట్టి దినములలోనే అవిన్యోను పట్టణమందలి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలవారు విద్యార్థివేతనమునకై పోటీపరీక్ష పెట్టిరి. ఫాబ్రు దానిలో గెలిచెను. ఆ గెలుపు లేకున్నచో ఈ చరిత్రమును వ్రాయు నవసరము మాకు కలుగకపోయెడిది.

1842లో, పందొమ్మిది యేండ్లయినను నిండక మునుపే, కార్పెంత్రాసు అను నూర ఆయన ఉపాధ్యాయుడయ్యెను. జీతము సంవత్సరమునకు 700 ఫ్రాంకులు. దానితో కుటుంబమును గడపుకొనుట కష్టము. అయినను రాత్రులయందు తనంత తానే గణితమును, భౌతికశాస్త్రమును అభ్యసించి ఒక్కొక్క పట్టమే సంపాదించెను. ఒకనాడాయన పిల్లలను భూమి కొలుచుట నేర్పుటకై ఊరివెలుపలి బీడునకు తీసికొనిపోయెను. పిల్లలు గొలుసు పట్టుటకు మాఱుగా మాటిమాటికి వంగి రాళ్లనుండి యేదియో తీసి గడ్డిపుల్లలతో పీల్చుచుండిరి. చూడగా, అవి మట్టితో గూడు కట్టు నొకజాతి తేనెటీగల గూళ్లు. శిష్యులే ఆనాడు గురువునకు పాఠము చెప్పిరి. ఆ యీగలను గూర్చి తెలిసికొనవలెనను కోరికతో ఫాబ్రు ఒక నెల జీతము పోసి కీటకశాస్త్రగ్రంథమొకటి కొనెను. ఆయన జీవితమునకు త్రోవ చూపినది ఆ బీడు, ఆ గడ్డిపుల్ల, ఆ పుస్తకము.

1849లో ఆయన కార్సికా ద్వీపమందలి అజాక్సియో పట్టణమునకు భౌతికశాస్త్రోపాధ్యాయుడుగా పోయెను. అచ్చట మోకెన్ తాండన్ అను వృక్షశాస్త్రపండితుని స్నేహము లభించినది. ఆ పండితుని ప్రోత్సాహముచే ఫాబ్రు గణితమును వీడి ప్రకృతిశాస్త్రమునకే తన జీవితమును సమర్పించుకొనెను. 1853లో అవిన్యోనునకు తిరిగివచ్చెను. ఒకజాతి కందిరీగలు తమ పిల్లలకొఱకు భద్రపఱచు పెంకుపురుగులు చెడక తాజాగా నుండుటకు కారణము ఏదియో మందువంటి ద్రవ్యమని అంతవఱకు పండితులు తలంచుచుండిరి. ఆ పురుగులు చావలేదనియు, కందిరీగ తన కొండితో వాని నాడీకేంద్రములను పొడిచి కదలకుండ చేయుననియు ఫాబ్రు 1855లో నిరూపించెను. మఱుసటి యేట ఫ్రెంచి విద్వత్పరిషత్తు ఆయనకు బహుమాన మొసగెను. డార్విను పండితుడు ఆయన పరిశీలనాశక్తిని తన గ్రంథమున కొనియాడెను. ఫాబ్రు మాత్రము డార్విను పరిణామసిద్ధాంతమును తుదవఱకు నంగీకరింపలేదు. ఆ విషయమున కాలము డార్విను పక్షముననే తీర్పు చెప్పినది.

కీర్తి వచ్చినను పేదరికము వదలలేదు. మంజిష్ఠజాతి మొక్కనుండి ఎఱ్ఱరంగును శుద్ధిగా తీయు ఉపాయమును ఆయన ఏండ్లతరబడి శ్రమించి కనిపెట్టెను. దానివలన తన దారిద్ర్యము తీరునని యాసపడెను. అంతలో 1868లో జర్మనీ శాస్త్రజ్ఞులు అదే రంగును కృత్రిమముగా చేయుట కనుగొనిరి. ఆ యాస భగ్నమైనది. ఆ కాలముననే విద్యామంత్రి విక్టరు డ్యూరుయి ప్రోత్సాహమున ఫాబ్రు సాయంకాలములయందు ఎల్లవారికిని ఉచితముగా ఉపన్యాసములిచ్చుచుండెను. వానికి బాలికలును వచ్చుచుండిరి. పుష్పములలో పుప్పొడివలన కాయ యెట్లు కట్టునో బాలికలకు బోధించుట తగదని కొందఱు అలజడి చేసిరి. ఇంటి యజమానురాండ్రు ఇల్లు ఖాళీ చేయుమనిరి. కొలువు పోయినది, భార్యాబిడ్డలతో నిలుచుటకు నీడ లేదు. అప్పుడు అవిన్యోనులో నివసించుచుండిన ఆంగ్లేయ తత్త్వవేత్త జాన్ స్టూవర్టు మిల్లు ఏ పత్రమును అడుగకయే 3000 ఫ్రాంకులు అప్పిచ్చెను. ఫాబ్రు ఆరెంజి అను నూర కాపురము పెట్టి, బాలురకొఱకు శాస్త్రపాఠ్యపుస్తకములు వ్రాసి, వచ్చిన ధనముతో ఆ ఋణము తీర్చెను. 1877లో మఱియొక పెద్ద దెబ్బ తగిలినది. పురుగులను పరీక్షించుటలో తనకు కుడిభుజమైన కుమారుడు జూలు పదునాఱవ యేట మరణించెను.

1879లో ఆయన సెరిన్యాను గ్రామము చెంత ఇంచుమించు రెండున్నర యెకరముల బీడునేలను కొనెను. ఆ ప్రాంతపు భాషలో అట్టి రాళ్లనేలను హార్మాసు అందురు. పల్లేరువంటి ముండ్లమొక్కలు తప్ప అందు పండునది లేదు. రైతులు వలదన్న ఆ నేలయే పురుగులకు స్వర్గము, ఆయనకు ప్రయోగశాల. ఆ యేడే ఆయన కీటకస్మృతుల మొదటి సంపుటము వెలువడినది. పదియవది 1907లో వచ్చినది.

అచ్చట జరిగిన ప్రయోగములలో మేము ముఖ్యముగా చెప్పవలసినది వాసనను గూర్చినది. ఒక మే నెల ఉదయమున ఆయన బల్లపై నున్న పట్టుగూటినుండి ఆడ రాత్రిచిలుక యొకటి వెలువడినది. ఱెక్కలపై నెమలికన్నులవంటి గుర్తులు గల ఈ జాతి యూరపునందలి చిలుకలన్నిటిలో పెద్దది. ఆయన దానిని తీగెవలతో చేసిన గంటవంటి మూత క్రింద నుంచెను. రాత్రి తొమ్మిది గంటలకు ఇల్లంతయు పెద్ద ఱెక్కల చప్పుడుతో నిండెను. తెఱచిన కిటికీలనుండి నలుబదివఱకు మగచిలుకలు వచ్చి ఆ వల చుట్టు తిరుగుచుండెను. ఎనిమిది రాత్రులలో వచ్చినవి నూటయేబది. ఆ ప్రాంతమున ఆ జాతి అరుదు. కావున అవి దూరమునుండియే రావలెను. చీకటిలో, చెట్ల నడుమనుండి, ఎన్నడును చూడని యింటికి వానిని తెచ్చినదేమి?

ఫాబ్రు తొందరపడి సమాధానము చెప్పలేదు. ఒక్కొక్క యూహను ప్రయోగమునకు పెట్టెను. ఆడచిలుకను గట్టిగా మూసిన పెట్టెలో నుంచగా మగవి రాలేదు. మూత కొంచెము సందిచ్చినంతనే వచ్చినవి. గదిలో నాఫ్తలీను వంటి ఘాటైన వాసనలు నింపినను వాని దారి తప్పలేదు. తరువాత మఱియొక జాతి చిలుకతో ఇంకొక ప్రయోగము చేసెను. ఆడదానిని కంటికగుపడునట్లు గాజుమూత క్రింద నుంచి, అది అంతకుముందు వ్రాలియుండిన వస్తువును దూరముగా పెట్టెను. మగవి ఎదుటనున్న ఆడదానిని చూడనైనను చూడక, అది విడిచిన వట్టి చోటు చుట్టును మూగినవి. కావున వానిని పిలుచునది రూపము గాదు, శబ్దము గాదు. వస్తువులకంటుకొని నిలుచు నేదియో సూక్ష్మమైన వాసన. ఫాబ్రు తన ముక్కు ఆనించి చూచెను, ఆయనకేమియు తెలియలేదు. మనుష్యుని ముక్కునకందనంత మాత్రమున వాసన లేదనరాదని ఆయన గ్రహించిన గొప్ప సత్యము. అది కణములచేతనా, వెలుతురువలె తరంగములచేతనా వ్యాపించునని ఆయన తుదవఱకు సందేహించుచునే యుండెను.

ఇక పైరుల సంగతి. ఆయన పెరటి క్యాబేజిమొక్కలపై తెల్ల సీతాకోకచిలుకలు గ్రుడ్లు పెట్టుచుండెను. వాని గొంగళిపురుగులు క్యాబేజియేగాక ఆవ, ముల్లంగి మొదలగు ఆ కుటుంబపు మొక్కల ఆకులనన్నిటిని తినును. వేఱు కుటుంబములకు చెందిన ఆకులను పెట్టినచో ముట్టవు. మొక్క యే కుటుంబమునకు చెందినదో తెలియుటకు మనము పూవు పూయువఱకు వేచియుందుము; చిలుక పూవు లేకయే గుర్తించును. వృక్షశాస్త్రము చదువని చిలుకకు ఈ విద్య యెట్లబ్బెనని ఫాబ్రు ఆశ్చర్యపడెను. ఆ గొంగళిపురుగునకు మఱల నొక శత్రువు గలదు. అది దోమంత కందిరీగ. దాని పిల్లలు గొంగళిపురుగు శరీరములోపల పెరిగి, తుదకు చర్మమును తొలుచుకొని వెలుపలికి వచ్చి, పసుపుపచ్చని చిన్న పట్టుగూళ్లను గుత్తిగా కట్టును. క్యాబేజితోటను కాపాడుటలో ఈ చిన్నప్రాణి సాయము తోటమాలికి ఎక్కువ యుపకారమని ఫాబ్రు తెలిసికొని, దానిని తెలియక చంపువారిని చూచి విచారించెను. అట్లే మఱియొక జాతి కందిరీగ, మట్టిలో దాగియుండి మొక్కల వేళ్లు కొఱుకు పురుగును తిన్నగా పోయి త్రవ్వి తీయుచుండెను. తానెంత వెదకినను ఆ పురుగు దొరకుట కష్టము. కందిరీగ మాత్రము కనుగొనును. ఎట్లు? ఆ ప్రశ్నకు ఆయన పూర్తి సమాధానము చెప్పలేకపోయెను. తెలిసినంత వఱకు వ్రాసి, తెలియనిది తెలియదని వ్రాసి, తలుపు తెఱచియుంచెను.

1910లో మిత్రులు ఆయనకు గొప్ప సన్మానము చేసిరి. 1913లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు స్వయముగా ఆయన యింటికి వచ్చెను. 1915వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన, 91 యేండ్ల వయస్సున, ఆయన సెరిన్యానులోనే కన్ను మూసెను. ఆయన యిల్లును, తోటయు నేడు ఫ్రెంచివారి జాతీయ ప్రకృతిశాస్త్రశాల అధీనమున ప్రదర్శనశాలగా నున్నవి.

ఫాబ్రు తెఱచియుంచిన తలుపులో తరువాతివారు ప్రవేశించిరి. ఆయన జీవించియుండగనే, 1910లో, డచ్చి పండితుడు వెర్షాఫెల్టు క్యాబేజిచిలుక రహస్యమును కొంత భేదించెను. ఆవజాతి మొక్కలందలి ఘాటుద్రవ్యమును ఇతర ఆకులకు పూయగా, అంతవఱకు వానిని ముట్టని గొంగళిపురుగులు తినజొచ్చెను. ఈ ఘాటు సంగతి మన వంటయింటను తెలిసినదే. ఆవాలు గింజలుగా నున్నంతసేపు వానికి వాసన లేదు. నీటితో నూఱినంతనే ఘాటు ముక్కునకెక్కి కన్నులలో నీరు తెప్పించును. ఏలయనగా ఆ జాతి మొక్కలలో రెండు ద్రవ్యములు వేఱువేఱుగా దాగియుండును. కణములు చితికినప్పుడు ఆ రెండును కలిసి ఘాటు పుట్టించును. పలుపురుగులను తఱుముటకు మొక్క చేసికొనిన ఈ యాయుధమే తెల్లచిలుకకు చిరునామా యైనది. చిలుకల ప్రేమవాసన విషయమున 1959లో జర్మనీయందలి బూటెనాంట్ అను రసాయనశాస్త్రజ్ఞుడు అయిదులక్షల పట్టుపురుగు ఆడచిలుకలనుండి ఆ ద్రవ్యమును వేఱుచేసి చూపెను. అది తరంగము గాదు, కణములేయని ఫాబ్రు సందేహము తీరినది.

కందిరీగ ప్రశ్నకు సమాధానము మఱింత విచిత్రమైనది. 1980 తరువాతి దశాబ్దమున నెదర్లాండ్సు దేశమందలి శాస్త్రజ్ఞులు చిక్కుడుమొక్కలను పరీక్షించిరి. ఎఱ్ఱనల్లి పట్టిన మొక్క ఒక ప్రత్యేకమైన వాసనను విడుచును. ఆ వాసననుబట్టి నల్లులను తిను మఱియొక నల్లి అచ్చటికి చేరును. 1990లో అమెరికాలో మొక్కజొన్నయందును ఇట్టిదే కనిపించెను: గొంగళిపురుగు ఉమ్మి తగిలిన మొక్క, దాని శత్రువైన కందిరీగను పిలుచు వాసనను పుట్టించుచున్నది. 1995లో నెదర్లాండ్సువారు ఫాబ్రు చూచిన ఆ క్యాబేజిని, ఆ తెల్లచిలుక పురుగును, ఆ పసుపుగూళ్ల కందిరీగనే పరీక్షించిరి. ఆకును వట్టిగా గాయపఱచినదానికంటె, గాయమునకు పురుగు నోటినీరు పూసినప్పుడు కందిరీగలు ఎక్కువగా వచ్చినవి. ఆ నోటినీటిలో నున్న ద్రవ్యమును పోలినదానిని బాదముగింజలనుండి తీసి పూసినను అట్లే జరిగెను. అనగా కొఱుకుచున్నదెవరో నోటినీటివలన మొక్కకు తెలియును; తెలిసి వేఱొక వాసన విడుచును. మూగదని మనమనుకొను మొక్క తన శత్రువు శత్రువునకు కబురు పంపుచున్నది.

అయితే ఆ కబురు మిత్రులకే చేరునని తలంపరాదు. వాసన గాలిది, ఎవరైనను చదువవచ్చును. ఆ మంచి కందిరీగ పిల్లలను తిను మఱియొక జాతి కందిరీగయు మొక్క వాసననుబట్టియే తన యెఱను కనుగొనునని 2012లో అక్కడివారే కనుగొనిరి. ప్రకృతిలో ఏ యుపకారమును చిక్కులు లేక రాదు.

ఈ జ్ఞానమువలన రైతునకు కలిగిన మేలు చిన్నది గాదు. ఆఫ్రికాయందలి కెన్యా దేశమున 1990 తరువాత మొక్కజొన్నను తొలుచు పురుగులకై యొక పద్ధతి యేర్పడినది. వరుసల నడుమ డెస్మోడియము అను చిక్కుడుజాతి మొక్కను, చేను చుట్టు నేపియరు గడ్డిని వేయుదురు. మొదటిదాని వాసన తల్లిచిలుకలను తఱుమును. రెండవది తనవైపునకు లాగును. మఱియొక గడ్డిని నడుమ వేసినచో, అది పురుగు కొఱుకకమునుపే కందిరీగలను రప్పించు వాసన నిచ్చునని 1997లో వెల్లడియైనది. మన తెలుగునాట ప్రత్తిచేలలో కట్టు లింగాకర్షకపు బుట్టలు ఫాబ్రు తీగెవలకు మనుమలవంటివి. ఆడచిలుక వాసనను పోలిన ద్రవ్యమును రబ్బరుముక్కలో నుంచి వ్రేలాడదీయగా మగచిలుకలు వచ్చి అందు పడును. మిరప, వేరుసెనగ చేల గట్లపై ఆముదము వేసి, పొగాకు లద్దెపురుగు తల్లిని అటు మరలించి, ఆ ఆకులపై పెట్టిన గ్రుడ్లను ఏరివేయుటయు మన రైతులెఱిగినదే. పురుగు కనబడినంతనే చేనంతయు విషము చల్లువాడు పురుగుతోబాటు, కబురందుకొని వచ్చు కందిరీగను గూడ చంపుచున్నాడు. పిలిచిన మొక్కకు సాయము రాదు. తరువాతి పురుగునకు అడ్డు లేదు.

విద్యార్థులారా, ఈ చరిత్రమునుండి మేము మీకు చూపదలచిన దొక్కటే. ఫాబ్రునకు గొప్ప యంత్రములు లేవు. ఒక తీగెవల, ఒక గాజుమూత, ఒక రాళ్లబీడు, దినదినమును వంగి చూచు నోపిక, ఇవియే ఆయన సొత్తు. తన ముక్కునకు తెలియనిది లేదని చెప్పియుండినచో ఆ తలుపు మూసికొనిపోయెడిది. చెప్పలేదు గాన తరువాతివారికి దారి దొరకినది. మీ యిండ్ల పెరళ్లలోను ఆవమొక్కలు, చిక్కుడుపాదులు గలవు. వానిపై పసుపుపచ్చని గింజలవంటి చిన్న పట్టుగూళ్ల గుత్తి యొక పురుగు ప్రక్క కనబడినచో, తల్లిదండ్రులు దానిని నలిపివేయబోయినచో, వలదని వినయముతో చెప్పుడు. అందులోనుండి వచ్చునది మీ తోటకు కావలివాడు. ఆ మొక్క వానిని జీతము లేకయే పిలిపించుకొన్నది.